రిజిస్టరులో లేని సుగుణమ్మ

ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే మధ్యలోనే నవ్వేసే రకం నేను. ఉదయగిరిలో మిషను కుట్టుకుని బతుకుతున్నాను, అలాంటివాటికి తీరిక కూడా లేదు. ఇప్పటికీ నమ్మకం కుదరలేదు. కానీ తొంభై ఏడు వేసవిలో, పట్టపగలు, పాతికమంది మధ్య నా చెవులతో విన్నది మాత్రం చెప్పాలి.

నన్ను పెంచింది మా అవ్వ సుగుణమ్మ. ఎప్పుడు కూర్చున్నా, ఆత్మకూరులో తను చదివిన ఆడవాళ్ళ టీచర్ ట్రైనింగ్ కాలేజీ కబుర్లే. తెల్లారకముందే కొట్టే గంట, నీలం అంచు తెల్ల చీరలు, రవికె లోపల ఎర్రదారంతో కుట్టుకున్న హాస్టల్ నంబరు, క్రిస్మస్ నాటకంలో తను వేసిన యోసేపు వేషం. పెట్టుడు మీసం ఊడి మరియమ్మ చీర మీద పడిందని చెప్పి పడీపడీ నవ్వేది. పెళ్ళయ్యాక తాత ఉద్యోగం చేయనివ్వలేదని చెప్పేది.

నేను టెన్త్ తప్పినప్పుడు కూడా ఆ కాలేజీతోనే కొట్టింది.

"కాలేజీలో చదివినదాని మనవరాలివి. నాకు తల కొట్టేసినట్టుండాదే" అంది.

వారం రోజులు ఆమె ముఖం చూడలేకపోయాను.

ఆమె పోయిన మూడు నెలలకు చర్చిలో ప్రకటన చదివారు. ఆ కాలేజీ పాత విద్యార్థినులు ఏటా పాత హాల్లోనే కలుస్తారు. నేను ఎన్నిసార్లు పొమ్మన్నా మోకాళ్ళ నొప్పని అవ్వ ఒక్కసారీ పోలేదు. అక్కడ చనిపోయినవాళ్ళ పేర్లు చదివి ప్రార్థన చేస్తారట. అవ్వ పేరు కూడా చదివించాలని ఆమె ఫోటో పట్టుకుని, వింజమూరులో బస్సు మారి వెళ్ళాను.

అప్పటి క్లాసు లీడరు, ఇప్పుడు రిటైరైన టీచరమ్మ, పాత రిజిస్టరంతా వెతికింది. సుగుణమ్మ పేరు లేదు. ఫోటో చేతికిచ్చాను. కళ్ళజోడు సర్దుకుని ప్రేమగానే నవ్వింది.

"ఈమె మా సుగుణ కదా పాపా. వంటింట్లో ఉండె. మాకు అన్నం వడ్డించేది. చదవలేదే."

పొరపాటు పడిందేమోనని యోసేపు వేషం సంగతి చెప్పాను. పక్కనున్న ముసలామె నా చెయ్యి తట్టింది.

"ఆ వేషం నేనేసినాను. మీసం ఊడింది కూడా నాదే."

అందరూ నవ్వారు. ఏం చేయాలో తెలియక నేనూ నవ్వాను. లోపల మాత్రం మండిపోయింది. గంట నిజమే, చీరలు నిజమే, ఎర్రదారం నంబరూ నిజమే. అందులో మా అవ్వ ఒక్కతే లేదు. లేని చదువు చూపించి ఇన్నేళ్ళూ నన్ను మొద్దును చేసింది.

వెళ్ళిపోదామని లేచేసరికి హాజరు మొదలైంది. అది వాళ్ళ ఆనవాయితీ. టీచరమ్మ పేరు చదువుతుంది, వచ్చినవాళ్ళు ప్రెజెంట్ అంటారు, వాళ్ళ పేరు పక్కన టిక్కు పెడుతుంది. పోయినవాళ్ళ పేరు దగ్గర ఆగి చిన్న ప్రార్థన చేస్తుంది. ఇరవై ఎనిమిది పేర్లు అయిపోయాయి.

అప్పుడు హాలు వెనక, వంటింటి తలుపు వైపు నుంచి చిన్న దగ్గు. ఆ వెంటనే ఒక గొంతు.

"ప్రెజెంట్, టీచర్."

మా అవ్వ గొంతు. మాట్లాడబోయే ముందు అలా దగ్గడం కూడా ఆమెదే. నాకొక్కదానికే వినిపించిందనుకోవద్దు, హాల్లో అందరూ అటు తిరిగారు.

గబగబా వెళ్ళి చూశాను. తలుపుకు తుప్పుపట్టిన తాళం ఉంది. కిటికీలోంచి చూస్తే మసిగోడ, కూలిన పొయ్యి. వెనక వాకిలి ఎప్పుడో గోడ కట్టి మూసేశారు.

తిరిగి వచ్చేసరికి టీచరమ్మ రిజిస్టరు నా వైపు తిప్పింది. మాట వినపడగానే అలవాటుగా టిక్కు పెట్టేసిందట. ఇరవై తొమ్మిదో గీతలో పేరు లేదు, టిక్కు మాత్రం ఉంది.

"పేరు రాయమంటావా పాపా?" అని మెల్లగా అడిగింది.

వద్దన్నాను.

ఇది జరిగి రెండేళ్ళవుతోంది. ఆ గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు, ఆ ముసలివాళ్ళూ చెప్పలేకపోయారు. చనిపోయాక కూడా వాళ్ళకు పలకాలనిపించింది ఆమెకు. ఇరవై ఏళ్ళు ఒకే చాప మీద పడుకున్న నాకు మాత్రం, బతికుండగా ఆ ఒక్క నిజం చెప్పాలనిపించలేదు.