నాన్నగారి చేతి నూనె

పోయిన నెల మనవరాలిని తీసుకుని, నేనూ మా కోడలూ కాకినాడలో చర్మం డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఇంటర్ చదివే పిల్ల, రెండు చెంపలూ ఎర్రగా పొంగిపోయి, కాలేజీకి మాస్కు పెట్టుకుని వెళ్లి మాస్కుతోనే తిరిగొస్తోంది. ఇంట్లో కూడా అన్నం తినేటప్పుడు తప్ప అది తియ్యడం లేదు. డాక్టరమ్మ కంప్యూటరు మీంచి తల ఎత్తకుండానే ఎన్నింటికి పడుకుంటావు, మొహానికి ఏం రాస్తున్నావు, మొటిమలు గిల్లుతావా అని ఒక్కొక్కటీ అడుగుతూ, చివరికి తలకి నూనె పెడతావా అంది. మా పిల్ల మొహం చిట్లించి, "ఛీ, నూనా? ఎప్పుడూ పెట్టుకోలేదండీ" అంది. డాక్టరమ్మ మెచ్చుకోలుగా తలూపింది, కోడలూ ఊపింది. ఆ తరవాత వాళ్లు దిండు గలీబులు మార్చడం గురించీ, పొద్దుపోయేదాకా ఫోను చూడకపోవడం గురించీ చాలాసేపు మాట్లాడుకున్నారు గానీ, నేను ఆ "ఛీ" దగ్గరే ఉండిపోయాను.

ఎందుకంటే నేను కొబ్బరినూనె కొట్టువాళ్ల పిల్లని. రామచంద్రపురం బజార్లో మాకు కొట్టు, దాని వెనకాలే చిన్న మిల్లు, ఆ వెనక ఇల్లు ఉండేవి. కోనసీమ నుంచి వచ్చిన ఎండుకొబ్బరి మా పెరటి నిండా ఆరేసి ఉండేది, దాని మీద కాకి వాలకుండా చూడడం సెలవుల్లో మా పని. మా బట్టలకీ, పుస్తకాలకీ, చివరికి మేము తినే అన్నానికీ ఆ వాసనే. బళ్లో కళ్లు మూసుకుని కూడా నన్ను గుర్తుపట్టేవాళ్లు. మా నాన్నగారికి ఆ నూనె అంటే వ్యాపారం కాదు, పరువు. కల్తీ మాట ఎవరైనా సరదాకి ఎత్తినా ఆ రోజుకి భోజనం మానేసేంత పట్టింపు మనిషి. కొట్టు మూసేటప్పుడు డబ్బాల మూతులు తన కండువాతోనే తుడిచేవారు.

మాట తక్కువ ఆయనకి. మమ్మల్ని ఎత్తుకున్నట్టు గానీ, పక్కన కూర్చోబెట్టుకుని కబుర్లు చెప్పినట్టు గానీ నాకు గుర్తు లేదు. మన చిన్నప్పుడు తండ్రులంతా దాదాపు అలాగే ఉండేవారు, ఈ మాట మీకు వేరే చెప్పక్కర్లేదు. కానీ ఆదివారం పొద్దున్న మాత్రం కొత్తగా ఆడిన నూనె గిన్నెలో పోసి కాసేపు ఎండలో పెట్టి, పెరట్లో పీట వేసి, పిల్లలందరికీ తలకి ఆయనే అంటేవారు. చారెడు నూనె మాడు మీద పోసి, రెండు అరచేతులతో మెల్లిగా మొదలుపెట్టి, కుదుళ్లలోకి దిగేదాకా పట్టించి, ఆఖరున చేతికి మిగిలిన జిడ్డంతా మా నుదుటికీ చెంపలకీ పులిమేసేవారు. అన్నయ్యలు మీసాలు వచ్చాక ఆ పీట నుంచి తప్పించుకున్నారు. నేను తప్పించుకోలేదు, తప్పించుకోవాలని కూడా అనుకోలేదు. వారమంతా కోపంగానో పరధ్యానంగానో కనిపించే మనిషి ఆ కాసేపూ నా వాడు. ఇంకెవరికీ చెప్పని కబుర్లు, నూనె ధర పడిపోవడం, ఫలానా ఆసామి కాయ మంచిది కాకపోవడం, నా మాడుతో చెప్పుకునేవారు.

ఇంటర్లో చేరిన ఏడాది నా మొహం పాడైంది. మామూలుగా ఆ వయసులో వచ్చే నాలుగు మొటిమలు కావవి. నుదుటి మీద జుట్టు మొదలయ్యేచోట పుట్టి, చెంపలకి పాకి, గవదల దాకా దిగాయి. ఒకటి మాడేలోగా దాని పక్కన మరొకటి పొంగేది. పొద్దున్న లేస్తే చెంప దిండుకి అంటుకుని, ఊడదీస్తే చీమూ నెత్తురూ వచ్చేవి. నవ్వితే నొప్పి, కాబట్టి నవ్వడం మానేశాను. చూసినవాళ్లంతా ఒకటే మాట, వేడి చేసింది అని. మామిడిపండు వద్దన్నారు, నువ్వుండలు వద్దన్నారు, వేరుశెనగపప్పు వద్దన్నారు, ఆకలికి నా ప్రాణం సోలిపోయేది. అమ్మ సున్నిపిండి పెట్టి రుద్ది రుద్ది పుళ్లు చేసింది, ఎవరో చెప్పారని నిమ్మరసం రాస్తే ఆ మంటకి పెరట్లో గిరగిరా తిరిగాను. వేడికి విరుగుడు చలవ కదా, చలవంటే కొబ్బరినూనె కదా, అది మా ఇంట్లో ఉన్నంత మరెవరింట్లో ఉంటుంది? నాన్నగారు ఆదివారం తలంటు కాస్తా రోజూ చేశారు. పడుకోబోయే ముందు మొహానికి కూడా పట్టించమని అమ్మకి చెప్పారు. మొహం ఇంకా పొంగింది. ఇంకా కాస్త ఎక్కువ రాయమన్నారు.

సాయంత్రాలు నేను కొట్లో గల్లా పక్కన కూర్చునేదాన్ని, అది నాకిష్టమైన పని. ఒకరోజు మా వీధి చివర ఇంటావిడ గిన్నె పట్టుకుని వచ్చి, నన్ను చూసి, "ఏంటండీ శెట్టిగారూ, ఇంట్లో ఇంత నూనె పెట్టుకుని అమ్మాయి మొహం అలా అయిపోయిందేంటండీ?" అంది. జాలిగానే అంది, పాపం. నాన్నగారు తల వంచుకుని గరాటులోకి నూనె పోశారు. మర్నాడు అమ్మ వచ్చి, ఇంక కొట్లోకి రావద్దన్నారు నాన్నగారు అని చెప్పింది. నా మొహం ఆయన సరుకుకి చెడ్డపేరు తెస్తోందన్నమాట. నా మొహాన్ని అలా చేసింది ఆ నూనేమో అన్న అనుమానం ఆయనకి రాలేదు. దాచాల్సింది నన్నే అనుకున్నారు. అప్పటినుంచి కొట్టుకీ ఇంటికీ మధ్య తలుపుకి తెర కట్టారు. నేను తెర ఇవతల కూర్చుని అవతల ఆయన గొంతు వినేదాన్ని. కొన్నాళ్లకి కాలేజీకి వెళ్లడమూ మానేశాను. ఎవరూ ఎందుకని అడగలేదు, అదే నాకు ఎక్కువ బాధ.

కాకినాడ నుంచి మా పిన్ని వచ్చి, గుమ్మంలోనే నన్ను చూసి చేతిలో సంచి కింద పడేసింది. అమ్మ చెల్లెలే అయినా అమ్మలాంటి మనిషి కాదు, ఎవరికీ జంకేది కాదు. ఆ పూటే నాన్నగారి ఎదురుగా నిలబడి, "బావగారూ, దీన్ని నాతో పంపండి. పిల్ల ఇలా కుళ్లిపోతుంటే చూస్తూ కూర్చున్నారేంటండీ?" అంది. నాన్నగారు, "తీసుకెళ్లమ్మా. కానీ మన నూనెలో దోషం ఉందని ఏ డాక్టరూ చెప్పలేడు" అన్నారు.

చెప్పాడు. కాకినాడలో పిన్ని చూపించిన డాక్టరు పెద్దాయన, నా నుదుటి మీద వేలు పెట్టి, ఆ వేలు వెలుతురులో చూసుకుని, ముందు ఈ జిడ్డు మానండి అన్నాడు. తలకీ మొహానికీ చుక్క కూడా తగలకూడదు. రోజుకి రెండుసార్లు మామూలు సబ్బుతో, రుద్దకుండా కడుక్కోవాలి. జుట్టు నుదుటి మీద పడనివ్వకూడదు, తువ్వాలు వేరుగా పెట్టుకోవాలి, దిండు గలీబు ఉతికింది వెయ్యాలి, చెయ్యి మొహం మీదికి పోకూడదు. అన్నం కడుపు నిండా తినమన్నాడు, వేళకి పడుకోమన్నాడు. గంధకం కంపు కొట్టే ఒక లేపనమూ, మింగడానికి బిళ్లలూ ఇచ్చాడు. ఇందులో మహిమలేమీ లేవు, తొందరపడితే కుదరదు అని కూడా చెప్పాడు. నిజమే, మొదట్లో ఏమీ మారలేదు. లేపనానికి చర్మం పొట్టుపొట్టుగా లేచింది. నూనె లేని జుట్టు పీచులా తయారై, తల మీద ఎవరూ లేనట్టుగా, చెప్పలేని వెలితిగా ఉండేది. పిన్ని మాత్రం వదల్లేదు, నా చెయ్యి చెంప మీదికి పోయిందంటే చాలు, వంటింట్లోంచే కేక పెట్టేది. వానలు మొదలై, వెలిసి, చలి దిగేవేళకి కొత్తవి రావడం ఆగిపోయింది. పాతవి మాడాయి. ఎడమ చెంప మీద గుంటలు మిగిలాయి, అవి ఇప్పటికీ ఉన్నాయి.

ఇంటికి వస్తే నాన్నగారు బస్టాండుకి స్వయంగా వచ్చారు. నా మొహం చూసి ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి, నేను చూశాను, అబద్ధం చెప్పను. ఇంటికి వెళ్లగానే తెర తీసేయించి, నన్ను తీసుకెళ్లి గల్లా పక్కన కూర్చోబెట్టారు. ఆ సాయంత్రం ఆ వీధి చివరావిడే వచ్చింది. నన్ను చూసి బుగ్గలు నొక్కుకుంటుంటే నాన్నగారు పొంగిపోయి, "చూశారా అండీ? ఏదీ ఆ వేడి? అంతా మన నూనె చలవండి" అన్నారు. కావాలని ఆడిన అబద్ధం కాదది. ఇన్నాళ్లు రాసిన నూనె లోపలికి దిగి ఇప్పటికి పని చేసిందని ఆయన నిజంగానే నమ్మారు. ఆవిడ గిన్నె ముందుకు జరిపి, "మా రెండోదానికీ మొహమంతా ఇలాగే పొక్కిందండీ, అయితే దానికీ రోజూ పట్టిస్తాను" అంది. ఆ పిల్ల నాకు తెలుసు. నాకన్నా చిన్నది, చూడముచ్చటగా ఉండేది. నాన్నగారు నూనె పోస్తున్నారు. నేను ఆగలేకపోయాను.

"రాయకండి అత్తయ్యగారూ. నేను నూనె మానేశాకే తగ్గింది" అన్నాను.

నూనె ధార ఆగింది. నాన్నగారు కొలపాత్ర కింద పెట్టి, కండువాతో చేతులు తుడుచుకున్నారు. ఎంతసేపు తుడుచుకున్నారో. తరవాత ఆవిడతో, "మీరు పెట్టుకోండమ్మా. పిల్లకి వద్దులెండి" అన్నారు. ఆ ఒక్క మాట ఆయనకి ఎంత కష్టమై ఉంటుందో నాకిప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం, ఇప్పుడు నాతో ఏమంటారా అని చూశాను. కనీసం కోప్పడను కూడా లేదు. ఆ ఆదివారం పెరట్లో గిన్నె ఎండకి పెట్టలేదు, పీట గోడకి ఆనించే ఉంది. నేను తల విరబోసుకుని అక్కడే తచ్చాడుతుంటే, నా పక్కనుంచే మిల్లులోకి వెళ్లిపోయారు.

ఆ తరవాత నాన్నగారి చెయ్యి నా తల మీద పడలేదు. నా పెళ్లిలో కూడా అక్షింతలు కాస్త ఎడంగా నిలబడి వేశారు. ద్వేషం కాదది, నాకు తెలుసు. పండగలకి చీరలు పెట్టారు, నా పిల్లలకి పేర్లు వెతికారు. కూతురి తల నిమరడానికి ఆయనకి ఒక సాకు కావాలి, ఆ సాకుని నేను కొట్లో పదిమంది తిరిగేచోట లాగేశాను. ఒట్టి చేత్తో కూడా తల నిమరవచ్చని ఆయనకి ఎవరూ నేర్పలేదు. ఆ రోజు నేనన్నది తప్పని మాత్రం ఇప్పటికీ అనుకోను. ఆ పిల్ల మొహం బాగుపడింది. కానీ నాకు మొహం దక్కి నాన్న దక్కలేదు. ఈ లెక్క ఎవరు పెట్టారో గానీ, వాళ్ల మీద నాకింకా కోపమే.

ఆయన పోయేనాటికి మిల్లు మూసేసి చాలా కాలమైంది. పెరట్లో పడుకోబెట్టి, ఆఖరి స్నానానికి ముందు తలకి నూనె పెట్టే వేళ, మా మేనత్త గిన్నె నా చేతికిచ్చి, "కూతురివి, ముందు నువ్వు పెట్టమ్మా" అంది. బజార్లోంచి తెచ్చిన ప్యాకెట్టు నూనె అది, మా ఇంట్లో మా నూనె లేదు. వాసన కూడా లేదు. చారెడు ఆయన మాడు మీద పోసి, మెల్లిగా పట్టించాను. వెనకాల ఎవరో చాలమ్మా అంటున్నారు. చేతికి మిగిలిన జిడ్డు ఆయన నుదుటికీ, రెండు చెంపలకీ పులిమాను. చల్లగా ఉన్నాయి.

మనవరాలి మొహం తేటపడుతోంది. అద్దం ముందు సీసాలు వరసగా పెట్టుకుంది, ఏది పొద్దున్నో ఏది రాత్రో దానికే తెలుసు. తలుపు వేసుకుని అన్నీ తనే చేసుకుంటుంది, మరొకరి చెయ్యి తగలక్కర్లేదు. ఇప్పటి పిల్లలకి మా పాట్లు లేనందుకు సంతోషమే. మొన్న మాస్కు తీసేసి కాలేజీకి బయల్దేరింది. గుమ్మంలో నా దగ్గరికి వంగి వెళ్లొస్తానంది. తల నిమరబోయి, ముందు నా అరచెయ్యి చీర కొంగుకి తుడుచుకున్నాను. నూనె ముట్టుకుని ఎన్నేళ్లయిందో. అయినా తుడుచుకున్నాను. అప్పటికి అది మెట్లు దిగిపోయింది.