గోడలు లేని ఇంటి గుమ్మం

బీదర్ ఉన్న రాష్ట్రాన్ని ఇంకా మైసూరు అనే పిలిచే రోజులు. కాలేజీలో మాకు సాహిత్యం చెప్పిన మేడమ్ కవుల జీవితచరిత్రలు రాసేవారు, పాత తోటల చరిత్ర కూడా. ఆవిడకు ఆ రెండూ ఒకటే పని. ఏ కవి పేరెత్తినా, "ఆయన పెరట్ల ఏం చెట్లుండె?" అని ముందు అడిగేవారు. కూలిపోయిన తోటలోకి వెళ్లినా గుమ్మం ఉండిన చోట చెప్పులు విడిచేవారు. మేం చాటుగా నవ్వుకునేవాళ్లం.

ఒకరోజు కోట దగ్గరున్న మా పాత ఇల్లు చూస్తానన్నారు. వానలకు గోడలన్నీ పడిపోయాయి.

"ఈడ ఏం మిగల్లేదు మేడమ్," అన్నాను.

ఆవిడ చెప్పులు విడిచి, వెనకనున్న కరివేపాకు చెట్టు దాకా వెళ్లి మట్టి పక్కకు తోశారు. అడుగున అరిగిన బండ కనిపించింది.

"మోరీ బండ అమ్మా ఇది. వంటింటి నీళ్లు ఇట్లనే చెట్టుకు పోతుండె. బండ ఎట్ల అరిగిందో చూడు, మీ అమ్మ ఈడ్నే కూసుని బియ్యం కడుగుతుండె."

నాకు ఊహ తెలియకముందే అమ్మ పోయింది. ఒక్క ఫోటో కూడా లేదు. ఆమె ఎక్కడ కూర్చునేదో అప్పటిదాకా నాకెవరూ చెప్పలేదు.

బండ వైపు ఒక అడుగు వేసి ఆగిపోయాను. వెనక్కి వెళ్లి, గుమ్మం ఉండిన చోట చెప్పులు విడిచి వచ్చాను.