కడిగాకే కత్తిరించే మార్లిస్

మార్లిస్ టోర్గర్సన్ ఒట్టి మొండిఘటం. ఈ మాట ఆమె మొహం మీదే అంటాను, ఇరవై మూడేళ్ళుగా అంటూనే ఉన్నాను. మా ఊరి కేబుల్ చానల్లో కెమెరా నాది, ఎడిటింగ్ ఆమెది. ఊరి సభలు, చర్చి పాటలు, అన్నిటికన్నా ముఖ్యంగా ఐస్ హాకీ. ఉత్తర మిన్నెసోటా చలిలో హాకీ అన్నది లేకపోతే మేం నాలుగు నెలలు ఒకరి మొహం ఒకరు చూసుకోం.

హాకీ ఆడే మా మంచు రింకులో దీపాలు పాతవి. కంటికి తెలియదు గాని వీడియోలో రెపరెపలాడతాయి. టేపుల కాలంలో కాపీ తీసిన కొద్దీ బొమ్మ పాడయ్యేది కాబట్టి, మార్లిస్ ముందు టేపులోని బొమ్మనంతా శుభ్రం చేసి, తర్వాతే కత్తిరించేది. టేపులు పోయి కంప్యూటర్లు వచ్చినా ఆమె అలవాటు మారలేదు.

మొన్న ఫిబ్రవరిలో ఒక సోమవారం, హైస్కూలు అమ్మాయిల జట్టు గోల్‌కీపర్ కెల్సీ లాటినెన్ మా దగ్గరికి వచ్చింది. ఆడే చోటు కోసం పదకొండు కాలేజీలకు రాస్తే ఒక్క కోచ్ జవాబిచ్చిందట. శుక్రవారం సాయంత్రం ఐదింటిలోపు మూడు నిమిషాల వీడియో పంపితే చూస్తానందట. అది తప్పిపోతే ఆ పిల్ల ఆట స్కూలు పోటీలు ముగిసే మార్చితో సరి.

మార్లిస్ పద్నాలుగు మ్యాచ్‌లనూ కంప్యూటర్‌లో ఎడిటింగ్ పట్టీ మీద వరసగా పరిచి, ప్రతి ముక్కకీ రెపరెప తగ్గించే ఎఫెక్టూ, మచ్చలు తుడిచే ఎఫెక్టూ పెట్టింది. ఇంకేముంది, నత్తనడక. మీట నొక్కితే బొమ్మ ఒక గెంతు గెంతి ఆగిపోయేది. తప్పు కంప్యూటర్‌దేనంది మార్లిస్. కెల్సీ తండ్రి ఎర్నీ ఇంకో మెమరీ చిప్పు తెచ్చి బిగించాడు. ఏమీ మారలేదు. అయితే తప్పు డిస్కుదంది. డిస్కు కూడా మార్చాం. గురువారం సాయంత్రానికి మా తల ప్రాణం తోకకొచ్చింది. కదలిక చూసే వీల్లేక, ఆగిపోయిన బొమ్మల్లోంచే కెల్సీ పక్‌ను, అదే ఆ రబ్బరు బిళ్ళను, ఆపినవి ఏరుతున్నాం.

"వీటిలో నేను దిష్టిబొమ్మలా ఉన్నాను, మార్లిస్ గారూ," అంది కెల్సీ మెల్లగా.

శుక్రవారం పొద్దున్న నాకు ఒళ్ళు మండింది. ఆ ఎఫెక్టులన్నీ ఒక్కసారి ఆపి చూడమన్నాను. మురికి వీడియో మీద కత్తెర పెట్టనంది.

"నీ పంతం నువ్వు నెగ్గించుకో. ఆ పిల్ల గతేం కాను?" అన్నాను.

మార్లిస్ ఎఫెక్టులన్నీ ఆపేసింది. తెర మీద బొమ్మ నాణ్యతను కూడా పావు వంతుకు దించింది. మీట నొక్కింది. రెపరెపలాడుతూనే, ఆట పరిగెత్తింది.

అప్పుడు కనబడింది. జనవరి మ్యాచ్‌లో కెల్సీ కాళ్ళ సందులోంచి గోల్ పోయింది. రెఫరీ వలలోంచి బిళ్ళ తీసేలోపే ఆ పిల్ల రెండు గోల్ స్తంభాలనూ కర్రతో తట్టి, వంగి, మళ్ళీ సిద్ధం. అది చూపిస్తే కొంప మునుగుతుందని ఎర్నీ లబలబలాడాడు. మార్లిస్ వినలేదు, దాన్నీ చేర్చింది. ఎంచిన మూడు నిమిషాలకు మాత్రమే ఎఫెక్టులు పెట్టి, నాలుగూ నలభైకి పంపించింది.

సోమవారం కోచ్ ఫోన్ చేసింది. కెల్సీ ఆ ఫోన్ పట్టుకునే మా ఆఫీసుకు పరిగెత్తుకొచ్చి, స్పీకర్ పెట్టి అందరికీ వినిపించింది.

"ఆపినవి అందరూ పంపుతారమ్మా. గోల్ పోయాక ఎలా నిలబడతావో చూపించింది నువ్వొక్కదానివే. ఆదివారం వచ్చి మా పిల్లలతో ఆడు, చూస్తాను."

కెల్సీ ఫోన్ మార్లిస్ చేతిలో పెట్టేసింది. వస్తుందని మార్లిసే చెప్పింది. ఫోన్ పెట్టేశాక కుర్చీలో కూలబడింది. నా గుండె కూడా నిండిపోయింది, దాచడమెందుకు.

"ఇన్నేళ్ళూ ఎంతమంది పిల్లల ఆటని సరిగ్గా చూడకుండానే కత్తిరించానో, డ్వేన్," అంది.

కెల్సీ కళ్ళు తుడుచుకుంది. తమ జట్టులో ఇంకో ఇద్దరున్నారని, వాళ్ళకి ఏ కాలేజీ జవాబివ్వలేదని చెప్పింది.

మార్లిస్ కుర్చీ ముందుకు జరుపుకుని, మ్యాచ్‌లన్నీ మళ్ళీ తెరిచి, వాళ్ళ జెర్సీ నంబర్లు అడిగింది.