కోతి వీరుడి బదులు నా మొహం

పలకలు తయారయ్యే మార్కాపురంలో పుట్టి తొమ్మిదో తరగతిలోనే చదువుకు దణ్ణం పెట్టినవాణ్ణి నేను. ఇప్పుడు రాయి కోసే మిషను దగ్గర పని. ఆదివారం సెలవు. ఆ రోజు నేను చేసే ఘనకార్యం ఒకటుంది: ఒక వీడియో గేములోని వీరుణ్ణి పట్టుకెళ్లి ఇంకో గేములో పెట్టడం. దీన్ని మోడ్ అంటారు. కంపెనీ చేసేది కాదు, ఆట మీద పిచ్చి ఉన్నవాళ్లు చేసి ఊరికే పంచుకునేది. నాకు ఇంగ్లీషు రాదు. వీడియోలో ఎవడు ఎక్కడ నొక్కితే నేనూ అక్కడే నొక్కి నేర్చుకున్నాను.

మంచుదేశపు దేవుళ్ల ఆట ఒకటి ఉంది. అందులో గొడ్డలి పట్టుకున్న గడ్డపాయన వీరుడు. ఆయన్ని తీసేసి, చైనా పురాణాల ఆటలోని కోతి వీరుణ్ణి పెట్టాను. ఇలా మార్చినప్పుడు రూపం మారుతుంది గానీ నడక, ఆయుధం పాతవాడివే మిగులుతాయి. మా కోతి కొత్తగా గెలిచిన సర్పంచిలా రొమ్ము విరుచుకుని నడిచేవాడు. తోక చీపురుకట్టలా బిగుసుకుపోయి ఉండేది. నేను మాత్రం మురిసిపోయాను.

అప్పుడు నాయన ఆంజనేయస్వామి మాలలో ఉన్నాడు. మాల వేసిన మనిషిని అందరూ స్వామీ అనాలి. ఆయన కూడా అందరినీ స్వామీ అనే పిలవాలి, ఎవర్నీ తిట్టకూడదు. మా ఇంట్లో అంత ప్రశాంతమైన రోజులు నేను ఎరగను.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఆయన వచ్చి నా వెనక నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే కంప్యూటరు తెర మీద ఒక రాక్షసుడు కోతి వీరుణ్ణి ఎత్తి బండకేసి కొట్టాడు.

"ఏంది స్వామీ ఇది? ఆయన్ని ఎందుకు కొడతన్నారు?"

"ఈయన మన సామి కాదు స్వామీ. చైనావాళ్ల కోతి."

"తోకుంది, చేతిలో గదుంది. కాదంటే ఎవుడు నమ్ముతాడు?"

"అది గద కాదు, గొడ్డలి. ముందున్న గడ్డపాయనది."

"గద పీక్కోని గొడ్డలి ఇచ్చినారా?"

ఈలోగా కోతి ఇంకోసారి చచ్చాడు. నాయన చాప చుట్టుకుని, పక్క వీధిలో మాలధారులు ఉండే పందిరికి వెళ్లిపోయాడు. పడకా అక్కడే, మధ్యాహ్నం భిక్షా అక్కడే.

రెండు రోజులకు అమ్మ నా ముందుకొచ్చి నిలబడింది.

"ఆడ దినామూ పులిహోర, చక్కెర పొంగలి. ఆ మనిషికి షుగరని గుర్తుందా నీకు? చెప్పుల్లేకుండా తిరిగి కాలికి పుండు చేసుకున్నాడు, అది మానాల్నా వద్దా? నువ్వు పోయి పిలుచుకోని రా. ల్యాకుంటే నేనూ మాలేసుకోని ఆడనే కూచుంటా."

వెళ్లాను. నాయన పందిట్లో పొంగలి ఆకు ముందు కూర్చుని ఉన్నాడు.

"స్వామీ, ఇంటికి రా. ఆ ఆట తీసేస్తా."

"ఆట తియ్యమని నేనన్లా. ఆయన్ని తియ్యమంటన్నా. దెబ్బలు తినేదానికి ఎవురో ఒకరు కావాలంటే నువ్వే నిలబడరాదా స్వామీ?"

చుట్టూ ఉన్న స్వాములంతా నవ్వారు. ఆలోచిస్తే న్యాయమైన మాటే.

ఆటలో మొహం పెట్టాలంటే తలను అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీయాలి. అమ్మ సెల్లు పట్టుకుని, దిష్టి తీసినట్టు నా తల చుట్టూ తిరిగింది. నాలుగు సాయంత్రాలు కూర్చున్నాను. గడ్డపాయన ఒంటి మీద నా తల అతికింది. ముక్కు కాస్త వంకర, కళ్లు రెప్ప వేయవు. జీవితంలో మొదటిసారి నాకు కండలొచ్చాయి.

అమ్మ చూసి, "ఒళ్లు బాగుంది. ఆ తలకాయే కుదర్లా" అంది.

ఆదివారం నాయన్ని పిలుచుకొచ్చాం. వచ్చి కుర్చీలో కూర్చున్నాడు గానీ, భిక్ష ఇక్కడ చేస్తాననలేదు. ఆట మొదలుపెట్టాను. మొదటి దెబ్బకే తెర మీది నేను బండకు కొట్టుకుని పడ్డాను. నాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. రెండోసారి కొండ మీంచి విసిరేశారు. "స్వామీ, బిర్నా రా, నీ కొడుకు ఎగరతన్నాడు!" అని అమ్మను కేకేశాడు. తొమ్మిదేళ్ల స్కూలు ఖర్చు ఆ రోజు వసూలైందనుకున్నాను.

మూడోసారి రాక్షసుడు నన్ను వెల్లకిలా పడేసి రొమ్ము మీద కాలు పెట్టాడు. రెప్ప వేయని నా కళ్లు తెరలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాయి. పక్కనుంచి నవ్వు వినిపించలేదు. నాయన కండువా సర్దుకున్నాడు.

"లేస్తాడా?"

"లేస్తాడు. మళ్లా మొదటికాణ్ణుంచి."

లేచాను. నాలుగు అడుగులు వేశానో లేదో మళ్లీ అదే కాలు, అదే రొమ్ము.

"చాలు, ఆపు."

ఆపాను. ఆయన లేచి పంచె సవరించుకున్నాడు. నా వైపు చూడలేదు, తెర వైపూ చూడలేదు.

"మళ్లా ఆ సామినే పెట్టుకోరా. ఆయనైతే తట్టుకుంటాడు."

పెరట్లోకి వెళ్లి పుండు తడవకుండా కాళ్లు కడుక్కొచ్చి, వంటింటి గుమ్మం ముందు చాప పరుచుకున్నాడు. అమ్మ షుగరుకు మంచిదని వండిన కొర్రన్నం వడ్డించింది.