లారీ ఆడదా, మగదా

కంచరపాలెం రైల్వే గేటు ఇవతల వీధిలో రత్నరాజు లారీని ఎరగనివాళ్లు లేరు. రెండో యుద్ధంలో తెల్లదొరల మిలిటరీ వదిలిపోయిన బండి అది. ఏనుగు కుంభస్థలంలాంటి ముక్కు, ఆరు చక్రాలు, మనిషి గుండెల దాకా వచ్చే బంపరు. రత్నరాజు తండ్రి దాన్ని వేలంలో కొన్నాడు. రత్నరాజు నడక కన్నా ముందు స్టీరింగు పట్టుకోవడం నేర్చాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. పోర్టుకి దుంగలు, రైల్వేకి పట్టాలు, పెళ్లివాళ్లకి పందిరి గుంజలు, ఒకసారైతే చర్చి గంట కూడా ఆ లారీ మీదే వచ్చింది. క్రిస్మస్‌కి రత్నరాజు దానికి రంగుకాగితాలు కట్టేవాడు. దసరాకి మెకానిక్కు సన్యాసిరాజు దాని ముక్కుకి పసుపు రాసి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించేవాడు. అలా రెండువైపుల దీవెనలూ తిన్న బండి ఎనభై మూడో సంవత్సరం ఎండల్లో, మర్రిపాలెం దగ్గర ఒక్క దగ్గు దగ్గి, ఇంజను పగిలి కూలబడింది.

ఎడ్లని కట్టి ఇంటికి ఈడ్చుకొచ్చారు. ఎదురింటి కాశమ్మ గడపలో నిలబడి ముక్కు చీదుకుంది. ఎవరింట్లో ఏం విరిగినా ముందు వినబడేది ఆవిడకే.

పోయే కాలం చూసుకుని పోయిందా అంటే అదీ లేదు. అప్పుడే ఉక్కు ఫ్యాక్టరీ పనులు జోరందుకున్నాయి. కాంట్రాక్టరు అర్జునరావు రత్నరాజుకి మాటిచ్చి ఉన్నాడు: వచ్చే సోమవారం పొద్దున్నకి లారీ సైటులో ఉంటే గోతిలోంచి రాయి తోలే పని నీది, లేకపోతే ఇంకొకడిది. ఆ పని పోతే లారీ కూడా పోయినట్టే. తుక్కు వ్యాపారి చలమయ్య అప్పటికే రోజూ వచ్చి లారీ చుట్టూ తిరిగి, రేకుని గోటితో మీటి, సంతలో మేకని చూసుకున్నట్టు చూసుకుని పోతున్నాడు.

"ఇంకెందుకు బావా దీంతో పాట్లు? ఒగ్గెయ్. ముక్కలు కోసీసి అట్టుకెల్తాను."

"మా బాబు బండిరా అది. దానికి ఇంజనెట్టుకుంటాను గానీ నీ కత్తికివ్వను."

అన్నంత తేలిక కాదు. కాలం చెల్లిన బస్సు ఇంజను తెచ్చి కూర్చోబెడితే, అంత ముక్కులో అది గంగాళంలో గరిటెలా దొర్లింది. బియ్యం మిల్లు ఆయిలింజను దొరికింది గానీ, దాన్ని లారీలో పెట్టడం కన్నా లారీనే దానిమీద పెట్టడం సులువు. చివరికి మళ్లీ చలమయ్య దగ్గరే ఒక దారి కనబడింది. పోర్టు పక్కన వాళ్ల యార్డులో పాత లాంచి ఒకటి కోస్తే జంట ఇంజన్లు బయటపడ్డాయి. లాంచికి కుడిపక్క ఒకటి, ఎడమపక్క ఒకటి.

"ఒకటి సబ్బవరం బియ్యం మిల్లోల్లకి ఇచ్చీడానికి మాటైపోయింది," అన్నాడు చలమయ్య. "రెండోది నీది. నచ్చింది నువ్వే ఏరుకో. మిగిలింది రేపే ఆల్లు అట్టుకెల్లిపోతారు. రెండూ కవల అక్కసెల్లెల్లు."

పెళ్లిచూపులకి వెళ్లినట్టే వెళ్లారు. రత్నరాజు భార్య విమలమ్మ ఆదివారం చీర కట్టింది. కాశమ్మని ఎవరూ పిలవలేదు, అయినా అందరికన్నా ముందు రిక్షా ఎక్కి కూర్చుంది. చలమయ్య టీ పోయించి, రెండు ఇంజన్లనీ తుడిపించి, దిమ్మల మీద పక్కపక్కన పెట్టించాడు.

సన్యాసిరాజు చెయ్యి ఎత్తాడు. "ఇంజన్ని సూడకూడదు బావా. ఇనాల. అందరూ కళ్లు మూసుకోండి."

రెండూ ఒకేసారి స్టార్టు చేశారు. దుమ్ములేచిపోయేలా మోత. కళ్లు మూసుకోమన్నారు కదాని రత్నరాజు అలవాటుగా తలొంచి చేతులు జోడించాడు. ఇంజన్లు ఆపగానే విమలమ్మ "ఆమెన్" అంది.

గొంతులో వెంట్రుకవాసి తేడా లేదు. ఇంక ఏది తీసుకోవాలి? సన్యాసిరాజు గడ్డం గోక్కున్నాడు.

"కుడిది తీసుకో బావా. మగోడికి కుడికన్నదిరితేనే మంచిది. లారీకీ అంతే."

"లారీ మగోడని నీకెవులు సెప్పేరన్నా?" అంది విమలమ్మ.

"ఆ బంపరు సూడమ్మా, ఆ గొంతు సూడు. ఆడదాని గొంతేటి అది?"

"మా అమ్మ గొంతు నువ్వినలేదు. ఇన్నాల్లు మనకి కూడెట్టిందెవరు? కూడెట్టేది తల్లి. ఎడమదే కట్టాల."

కాశమ్మ అడ్డుపడింది. "కాదే గుంటా. గడియకోసారి నీల్లడుగుతాది, ఎత్తొస్తే మూలుగుతాది, నడివీధిలో అలిగి నిలబడితే పదిమంది తొయ్యాల. ఇన్నీ సూసి ఆడదంటావేటి? మగదే."

"తుక్కులో ఆడా మగా ఉండదప్పా, తూకమే," అన్నాడు చలమయ్య. వాడి మాట ఎవరూ పట్టించుకోలేదు.

అందరూ రత్నరాజు వైపు తిరిగారు. సోమవారం కళ్లముందు కూర్చుని ఉంది. అతనికి తల్లి ముఖం తెలియదు. పసివాడప్పుడు తండ్రి పోర్టులో దుంగలెత్తుతూ తనని ఆ లారీ కింద నీడలో గోనె పరిచి పడుకోబెట్టేవాడట. నూనె చుక్కలు నుదుటి మీద పడుతున్నా ఏడ్చేవాడు కాదట.

"తల్లే," అన్నాడు. "ఎడమది కట్టు బావా."

సన్యాసిరాజు పాత రేడియేటరు అతికించి, దిమ్మలు కోసి, బోల్టులు బిగించి, శనివారానికి ఇంజన్ని కూర్చోబెట్టేశాడు. ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారు ముక్కు మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. ఆయన చెయ్యి తియ్యగానే సన్యాసిరాజు కొబ్బరికాయ కొట్టాడు. రత్నరాజు ఎక్కి, స్టార్టు చేసి, ఫస్టు గేరేసి క్లచ్చి వదిలాడు.

లారీ తిన్నగా వెనక్కి వెళ్లి కాశమ్మ కోళ్లగంప ఎక్కింది. కోళ్లు అప్పుడు బయట తిరుగుతున్నాయి కాబట్టి బతికాయి.

"రివర్సెందుకేసేవు బావా?"

"నానెయ్యలేదు బావా."

సెకండు వేశాడు. ఇంకా జోరుగా వెనక్కి వెళ్లి కాశమ్మ అరుగు ముందు ఆగింది. రివర్సు వేసి చూశాడు. అప్పుడు బుద్ధిగా ముందుకి కదిలింది, శవయాత్ర నడకతో. సన్యాసిరాజు బండి కింద దూరి చూసి, చాలాసేపు బయటికి రాలేదు.

"జంట ఇంజన్లు బావా," అన్నాడు కిందనుంచే. "లాంచి పక్కకి లాగకుండా తిన్నగా ఎల్లాలంటే ఒకటిటు తిరగాల, ఇంకోటటు తిరగాల. మనది ఎదురు తిరిగీది."

"ఆ ఇసయం నాను యార్డులోనే సూసేను," అంది కాశమ్మ, గంప పుల్లలు ఏరుకుంటూ. "మీ కళ్లు మూసున్నాయి గానీ నావి మూసుకోలేదు."

"మరప్పుడే సెప్పలేదేటప్పా?" అన్నాడు సన్యాసిరాజు.

"ఆడదా మగదా అనే అడిగేరు గానీ, ఎటు తిరుగుతాదని నన్నెవులడిగేరు?"

మారుద్దామంటే రెండోదాన్ని సబ్బవరంవాళ్లు సిమెంటులో పాతేసి బియ్యం ఆడించేస్తున్నారట. సాయంత్రానికి చలమయ్య టేపు పట్టుకుని వచ్చాడు. లారీ పొడవు కొలిచాడు. రత్నరాజు బంపరు మీద కూర్చుని నేల చూస్తున్నాడు. విమలమ్మ టేపు కొస పట్టుకుని లాగేసింది.

"ఇది ఎల్తాదా, ఎల్లదా?" అని మొగుడిని అడిగింది.

"ఎల్తాది. ఎనక్కి."

"మరైతే ఎనక్కే ఎల్దాం. సైటు కదలకుండా అక్కడే ఉంటాది గదా."

సోమవారం తెల్లారగానే బయలుదేరారు. తోక ముందు, ముక్కు వెనక. రత్నరాజు ఎడమ భుజం మీదుగా మెడ తిప్పి, వెనక అద్దంలోంచి చూస్తూ నడిపాడు. విమలమ్మ పైన తొట్టిలో నిలబడి, తోవ చెప్పడానికి కేబిను రేకు మీద గరిటెతో కొట్టింది. ఎన్.ఎ.డి. జంక్షన్లో కానిస్టేబులు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఏటది? రోడ్డంతా రివర్సులో తోలతన్నావేటి?"

"నాను ముందుకే ఎల్తన్నానండి బాబూ. లారీయే ఎనక్కి తిరిగుంది."

కానిస్టేబులు లారీ చుట్టూ ఒకసారి తిరిగాడు. మొదలెక్కడో చివరెక్కడో చూసుకుని, చెమట తుడుచుకుని, బేగి పొమ్మన్నాడు.

సైటుకి చేరేసరికి గోతి దగ్గర గోలగోలగా ఉంది. గోతిలోకి దిగే తోవ ఒక్క లారీ పట్టేంతే, అటూ ఇటూ మట్టికట్టలు. దిగిన లారీ లోపల తిరగడానికి చోటు లేదు. రాయి నింపుకుని ఆ ఎత్తంతా రివర్సులో ఎక్కాలి. ఒక లారీ క్లచ్చి కాలి సగంలో కూర్చుంది. దాన్ని లాగడానికి వెళ్లిన లారీ కట్టకి గుద్దుకుంది. డ్రైవర్లు ఒకళ్లనొకళ్లు తిట్టుకుంటున్నారు. అర్జునరావు గొడుగు కింద నిలబడి, మధ్యమధ్యన మేస్త్రీని తిడుతున్నాడు.

తోవ ఖాళీ అయ్యాక రత్నరాజు దిగాడు, తన శవయాత్ర గేరులో, ముక్కు ముందు పెట్టుకుని. రాయి నిండింది. విమలమ్మ గట్టు మీదనుంచి చీర చెంగు ఊపింది. ఫస్టు, సెకండు, థర్డు. పోర్టు రోజుల్లో ఎలా ఎక్కేదో అలాగే, తోక ముందు పెట్టుకుని పైకొచ్చేసింది లారీ. డ్రైవర్లు తిట్లు ఆపేశారు.

"ఇంత రివర్సు ఎక్కడ నేర్చేవయ్యా?" అన్నాడు అర్జునరావు.

"మా ఇంటిదాని దగ్గరండి," అన్నాడు రత్నరాజు.

ఆ గోతిలో రాయి అయిపోయేదాకా పని అతనిదే. ఆ తరవాత ఇంకో గోతి తవ్వారు. ఉక్కునగరంలో సెక్టార్లు లేచి, క్వార్టర్లలో దీపాలు వెలిగి, రోడ్లు వెడల్పయ్యేదాకా ఇరుకు తోవలన్నీ అతనికే ఒప్పజెప్పారు. చలమయ్య లారీ చుట్టూ తిరగడం మానేశాడు.

నష్టమల్లా ఒక్కటే. అన్నేళ్లు ఎడమ భుజం మీదుగా చూసి చూసి రత్నరాజు మెడ అటే ఉండిపోయింది. చర్చిలో మగవాళ్లది కుడిపక్క, ఆడవాళ్లది ఎడమపక్క. ప్రసంగం సాగినంతసేపూ అతని ముఖం ఆడవాళ్ల వైపే. నలుగురూ గుసగుసలాడారు. పాస్టరుగారు కూడా ఒకసారి దగ్గారు. విమలమ్మ ఎవరితోనూ వాదించలేదు. ముందు వరసలో తన చోటు వదిలేసి, వెనక వరసలో, మొగుడి చూపు సరిగ్గా వచ్చి వాలేచోట చాప వేసుకుంది.

లారీ మగదేనని కాశమ్మ ఇప్పటికీ అంటుంది. విమలమ్మ ఒప్పుకోదు.