గంగరాజు హాజరు

1953 జూన్‌లో అమలాపురంలో ఒక కాలేజీలో తెలుగు ట్యూటరుగా చేరాను. లెక్చరరుకి ఒక మెట్టు కింది ఉద్యోగం, రెండేళ్లు ప్రొబేషన్. పాఠాలతో పాటు నాటక సంఘం బాధ్యత కూడా నాకే తగిలించారు.

ఇంటర్ రెండో ఏడు చదివే గంగరాజుది దిండి. తండ్రి అక్కడ రేవులో పడవ నడిపేవాడు. కుర్రాడు నోట్లో నాలుక లేనివాడు. హాజరు పిలిస్తే పలకడానికే తడబడేవాడు. అలాంటివాడికి ఆ ఏటి నాటకంలో పట్టుబట్టి మునసబు వేషం ఇచ్చాను. నాలుగు నెలల్లో వాడి గొంతు హాలు చివరి బెంచీదాకా వినిపించింది. అబ్బో, అదంతా నా ఘనతేనని ఎంత మురిసిపోయానో!

రిహార్సల్స్ మధ్యాహ్నం క్లాసుల వేళ జరిగేవి. అలా పిలిపించుకున్నవాళ్ల పేర్లు ఆ రోజే చీటీ రాసి ఆయా లెక్చరర్లకి పంపాలి. అప్పుడే వాళ్లకి హాజరు పడుతుంది. రేపు రాద్దాంలే అనుకుంటూ నేను ఒక్క చీటీ కూడా రాయలేదు. ముప్పాతిక వంతు హాజరు లేనివాణ్ణి యూనివర్సిటీ పరీక్షకి రానివ్వదు. మిగతా నటులు ఎలాగో గట్టెక్కారు. శ్రావణంలో వరదకి మూడు వారాలు ఇంటిదగ్గరే చిక్కుపడ్డ గంగరాజు ఆగిపోయాడు.

వాడి హాజరు ఎందుకు తగ్గిందో తేల్చడానికి ప్రిన్సిపాలుగారు మా ఇద్దర్నీ పిలిపించారు.

"క్లాసుల వేళ రిహార్సల్స్ పెట్టేరా అండీ?" అని నన్నడిగారు.

నాకు ప్రొబేషన్ గుర్తొచ్చింది. "లేదండీ, అయిదు దాటాకేనండీ" అన్నాను. గంగరాజు నా వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు. నేను గొంతు తెప్పించిన కుర్రాడు నన్ను కాపాడ్డానికి మళ్లీ నోరు మూసుకున్నాడు.

మర్నాడు వాడి తండ్రి వచ్చాడు. తిట్టినా బావుండేది.

"పోన్లెండి మేష్టారండీ. మావోడికి నలుగురిలో మాటాడ్డం వచ్చిందండి. ఆయ్, అది మీ చలవేనండి. రేపట్నుంచి పడవ మీదకి తీసుకుపోతానండి" అన్నాడు.

తల కొట్టేసినట్టయింది. హాజరు జాబితా యూనివర్సిటీకి వెళ్లడానికి ఇంకా రెండు రోజుల గడువుంది. నిజం చెప్పడానికి అది చాలు. చెప్పలేదు. ఆ తండ్రితో "మంచిదండీ" అన్నాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతున్నాను.

నా ఉద్యోగం ఖాయమైంది. నాటకాలూ ఆటలూ పిల్లల్ని మనుషుల్ని చేస్తాయని తర్వాత ఎన్నో సభల్లో చెప్పాను. అది నిజమే. కానీ వాళ్లని వేదిక ఎక్కించేవాడు ముందు తన పని సరిగ్గా చెయ్యాలి, చెయ్యకపోతే ఒప్పుకోవాలి. రిటైరయ్యేదాకా చీటీ రాశాకే రిహార్సల్ మొదలుపెట్టాను. రాయాల్సిన గంగరాజు పేరు మాత్రం ఏ చీటీలోకీ ఎక్కలేదు.