తొంభై నాలుగా, తొంభై తొమ్మిదా

మా బోరింగూక్ ఫుట్‌బాల్ క్లబ్బు గోడ మీద ఒక చెక్క పలక ఉంది. ఏ ఏడు ఎవరు ఎక్కువ గోల్స్ కొట్టారో దాని మీద బంగారు రంగు అక్షరాలతో రాసి ఉంటుంది. 1979 ఎదురుగా 'ఎన్. జాంకర్ - 94' అని ఉంది. దాన్ని 99 అని మార్చమని నెవిల్ జాంకర్ నలభై నాలుగేళ్ళుగా ఏటా ఉత్తరం రాస్తున్నాడు. క్లబ్బు సెక్రటరీగా ముప్పై ఏళ్ళ నుంచి ఆ ఉత్తరాన్ని మీటింగులో చదివేవాణ్ణి నేను. కుదరదన్నారని మినిట్స్ పుస్తకంలో రాసేవాణ్ణీ నేనే. ఊళ్ళో గోధుమ పండినా ఎండినా, ఎవరు పుట్టినా పోయినా, ఫిబ్రవరి వచ్చిందంటే ఆ ఉత్తరం మాత్రం వచ్చి తీరేది.

జాంకర్ ఆట చూడనివాళ్ళు పుణ్యాత్ములు. ఇది జట్టుకు పద్దెనిమిది మంది ఆడే ఆట. పదిహేడు మంది బురదలో పొర్లి, పెదాలు పగలగొట్టుకుని, కోడిగుడ్డు లాంటి ఆ బంతిని మైదానం ఆ కొస నుంచి ఈ కొసకు చేరవేసేవాళ్ళు. పద్దెనిమిదోవాడు గోల్ స్తంభాల ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడేవాడు. బంతి గాల్లో వస్తే ఎగిరి పట్టుకుంటాడు, స్తంభాల మధ్యకు తంతాడు, జుట్టు సవరించుకుంటాడు. తన్నడం వచ్చు, కాదనను. ఆ ఎగరడమూ బాగానే ఎగిరేవాడు. కానీ అదే బంతి కింద పడిందంటే ఇక తనది కాదు.

"ఒరే నెవ్, నీ కాళ్ళ దగ్గరే పడింది కదరా! వంగితే నడుం విరుగుతుందా?" అని మా కెప్టెన్ అరిచేవాడు.

"వంగడానికి మీరు పదిహేడు మంది ఉన్నారుగా," అనేవాడు ఈయన.

ఆట మొదలయ్యే ముందు అందరూ తొడలకు మందునూనె పట్టించుకుంటుంటే ఈయన తలకు నూనె పట్టించుకునేవాడు. విరామంలో నారింజ ముక్కల పళ్ళెం వస్తే మేమందరం తొక్కతో సహా కొరికి ఉమ్మేసేవాళ్ళం. ఈయనకు మాత్రం ఒలిచి పెట్టాలి. ఒకసారి ఈయన తన్నిన బంతి స్తంభానికి తగిలింది. మైదానం చుట్టూ ఆపుకున్న కార్లలో అద్దాలెత్తుకుని కూర్చున్నవాళ్ళకు కూడా ఆ చప్పుడు టంగుమని వినిపించింది. ఈయనకొక్కడికే వినిపించలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నట్టు సీజన్ అయ్యేదాకా అది గోలేనని వాదించాడు.

ఇక ఆయన ఉద్యోగం మా ఖర్మ. కోతల కాలంలో గోధుమ లారీలు గోదాము దగ్గర బారులు తీరేవి. వాటికి తూకం వేసేది జాంకర్. నలభై డిగ్రీల ఎండ. ఈగలు ముక్కులో దూరుతుంటాయి. తూకం చీటీ చేతిలో పట్టుకుని, ఆ ఏడు కొట్టిన గోల్స్ మొదటి నుంచి చెప్పుకొచ్చేవాడు.

"చీటీ పడేయ్ నెవ్. నా వెనక పదకొండు లారీలున్నాయి."

"ఉండు గురూ, మనమింకా మూడో క్వార్టర్లోనే ఉన్నాం."

చీటీ కావాలంటే వినాల్సిందే. అలా మా ఊరి రైతులంతా ఏటా ఆయన గోల్స్ రెండేసి సార్లు చూసినట్టయ్యేది, ఒకసారి కళ్ళతో, ఒకసారి చెమటతో.

నా సంగతి కూడా చెప్పాలి. ఇరవై ఒకటో ఏట నాకు మోకాలి కీలు తప్పింది. తిన్నగా పరుగెత్తొచ్చు కానీ, మనిషికి మనిషి గుద్దుకునే ఆట మళ్ళీ ఆడొద్దని డాక్టరు చెప్పాడు. మా కోచ్ డెస్ హాలమ్ జాలిపడి నన్ను రన్నర్‌గా పెట్టుకున్నాడు. కోచ్ గీత బయట నిలబడి చెప్పే మాటను ఆట నడుస్తుండగానే లోపలికి పరుగెత్తి, ఆటగాడి చెవిన వేసి రావడం రన్నర్ పని. జట్టు బట్టలు వేసుకోలేకపోయినా గడ్డి మీద కాలు పెట్టే హక్కు ఉండేది. అదే చాలనుకునేవాణ్ణి. నాకు దక్కని చోట నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడిన జాంకర్‌ను చూస్తే మాత్రం ఒళ్ళు మండిపోయేది.

1979లో మేం టర్రాలీ జట్టుతో ఫైనల్ ఆడాం. అంతకుముందు మా ఊరు కప్పు గెలిచి ఇరవై ఎనిమిదేళ్ళయింది. ఆ రోజు బేకరీ మూసేశారు, చర్చిలో పెళ్ళిని వారం వాయిదా వేశారు. జాంకర్‌కు మాత్రం కప్పు గొడవ లేదు. ఆ ఆటకు ముందు ఆ సీజన్‌లో అతనివి తొంభై నాలుగు గోల్స్. మా లీగ్‌లో నూరు కొట్టినవాడు అప్పటిదాకా ఒక్కడే. నూరో గోల్ పడగానే జనమంతా కార్లు వదిలి మైదానంలోకి దూకి, కొట్టినవాణ్ణి భుజాల మీదికి ఎత్తుకుంటారు. ఆ వారమంతా జాంకర్ ఎవరు కనిపించినా, "శనివారం మంచి బూట్లు వేసుకురా, పరుగెత్తాల్సి ఉంటుంది," అని చెప్పాడు.

నాలుగు క్వార్టర్ల ఆటలో చివరిది సగం అయ్యేసరికి, గోల్‌కు ఆరు పాయింట్ల లెక్కన, మేం ఇరవై రెండు పాయింట్ల ఆధిక్యంలో ఉన్నాం. జాంకర్ ఆ రోజు ఐదు గోల్స్ కొట్టాడు. మొత్తం తొంభై తొమ్మిది. కానీ ఒంట్లో సత్తువ అయిపోయింది. అతన్ని కాపలా కాయాల్సిన టర్రాలీవాడు అతన్ని అక్కడే వదిలేసి బంతితో పారిపోతున్నాడు, ఈయన వెనకాల రెండడుగులు కూడా వెయ్యడం లేదు.

డెస్ నా చొక్కా పట్టుకుని లాగాడు. "ఆ మహారాజును బయటికి రమ్మను. ట్రెవర్‌ని పంపుతున్నా. వాడు కదలగానే చెయ్యెత్తు, ట్రెవర్ లోపలికొస్తాడు."

నేను పరుగెత్తాను.

"నెవ్, డెస్ బయటికి రమ్మంటున్నాడు."

"ఒక్కటిరా అబ్బాయ్. ఒక్కటే."

"నన్ను తిడతాడు. నడు."

"తొంభై తొమ్మిది! లెక్క నీకూ తెలుసుగా. ఒక్క బంతి రానీ, తన్నేసి నేనే పోతా."

అప్పుడే బంతి మా వైపు తిరిగింది. కార్ల హారన్లు మొదలయ్యాయి. "సరే, తొందరగా కానివ్వు," అన్నాను. అని, బెంచ్ వైపు తిరిగి చెయ్యెత్తాను.

ఇందులో నేను చేసిన ఘోరమేమీ లేదు. నా పని అయిందని డెస్‌కు తెలియాలి కదా. ట్రెవర్ అంత దూరం నుంచి వచ్చేలోపు జాంకర్ తన్నేసి వెళ్ళిపోతాడనుకున్నాను. నూరో గోల్ పక్కనే నిలబడి చూడాలని నీకు లేదా అంటే, ఉంది. ఎందుకుండదు? ఆ మైదానంలో ఆ ఆశ లేనివాడెవడు? వెళ్ళిపోవాల్సినవాడు వెళ్ళకపోవడం వాడి తప్పు.

ఆ బంతి జాంకర్ వేళ్ళకు తగిలి జారిపోయింది. కింద పడ్డదాని కోసం వంగనే లేదు. "ఇంకొకటి," అన్నాడు, నా వైపు చూడకుండానే. అప్పటికే ట్రెవర్ లోపలికొచ్చి ఆడుతున్నాడు. నేను గీత బయటికి వచ్చేశాను.

రెండు నిమిషాలు గడిచాయి. ఉన్నట్టుండి టర్రాలీ కెప్టెన్ ఫిన్ అంపైర్ దగ్గరికి వెళ్ళి, "వాళ్ళ తలలు లెక్కపెట్టు," అన్నాడు. మా ఆటలో అదొక పాత నియమం. అవతలి కెప్టెన్ అడిగితే ఆట ఆపి లెక్కపెట్టాలి. ఒక్క మనిషి ఎక్కువ ఉన్నా ఆ జట్టు అప్పటిదాకా చేసిన స్కోరంతా రద్దు. పుస్తకంలో ఉందని అందరికీ తెలుసు గానీ, అది జరగగా చూసినవాడు మా వైపు ఒక్కడూ లేడు.

అంపైర్ విజిల్ ఊది మావాళ్ళను మైదానం మధ్యలో వరసగా నిలబెట్టాడు. ఒక్కొక్కరి ఛాతీకి వేలు చూపిస్తూ నడిచాడు. జాంకర్ వరసలో నిలబడి వేళ్ళతో జుట్టు దువ్వుకుంటున్నాడు. పంతొమ్మిది. అంపైర్ ఆ చివర నుంచి మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ పంతొమ్మిదే. స్కోరు బోర్డు చూసుకునే ముసలి వాలీ నిచ్చెనెక్కి, మా పేరు పక్కనున్న రేకు అంకెలు పీకి సున్నా తగిలించాడు. ఒక సున్నా తగిలించి దిగబోయి, పక్కన ఖాళీగా ఉందని రెండోది కూడా తగిలించాడు. మా కెప్టెన్ గడ్డి మీద కూర్చుండిపోయాడు. టీ గది కిటికీలో ఆడవాళ్ళు కెటిళ్ళు పట్టుకుని అలాగే నిలబడ్డారు.

అప్పుడు జాంకర్ నోట వచ్చిన మాట ఏమిటో తెలుసా? అంపైర్ దగ్గరికి నడిచి వెళ్ళి, "నా గోల్స్ కూడా పోయినట్టేనా?" అని అడిగాడు. ఇరవై ఎనిమిదేళ్ళ ఊరి ఆశ కళ్ళ ముందు మట్టిలో కలిసిపోతే, ఆ మనిషికి పట్టిన దిగులు అది. మిగిలిన సమయంలో మావాళ్ళు ఎంత విరగబడి ఆడినా లాభం లేకపోయింది. టర్రాలీ డెబ్బై నాలుగు, మేం పదమూడు. రద్దయిన స్కోరులోని గోల్స్ రద్దయినట్టేనని లీగ్ వాళ్ళు తర్వాత తేల్చారు. అలా ఆయనకు మళ్ళీ తొంభై నాలుగే మిగిలాయి.

బట్టలు మార్చుకునే గదిలో అందరి ముందూ డెస్ నన్ను అడిగాడు. "వాడికి చెప్పావా?"

"చెప్పాను," అన్నాను. అబద్ధం కాదు కదా.

డెస్ జాంకర్ వైపు తిరిగాడు. "మరి నువ్వు?"

జాంకర్ నా వైపు కాసేపు చూశాడు. "నాకు వినపడలేదు," అని బూటు లేసు విప్పుకోవడం మొదలుపెట్టాడు.

ఇంకొకడైతే ఆ వారమే ఊరు వదిలిపోయేవాడు. ఈయన పోలేదు. సోమవారం పొద్దున్నే గోదాము తెరిచాడు. అప్పటి నుంచి ఊరు ఆయన్ను పంతొమ్మిది అనే పిలిచింది. "ఏమయ్యా పంతొమ్మిదీ, చెవులు బాగున్నాయా?" అని పబ్బులో చిన్నా పెద్దా ఆడుకునేవాళ్ళు. గ్లాసు ఎత్తి చూపించి నవ్వేవాడు. లారీలవాళ్ళకు గోల్స్ కథ చెప్పడం మాత్రం మానేశాడు, నోరు మూతపడేలా బుద్ధి వచ్చిందని నేను అందరితో అన్నాను. ఏటా ఆ ఉత్తరం ఒక్కటే. "ఆ ఐదు గోల్స్ నేను కొట్టాను. మీరందరూ చూశారు. కొట్టినవి కొట్టినట్టు రాయమని మనవి." అంతే, మూడు వాక్యాలు. చదివినప్పుడల్లా అందరూ నవ్వేవాళ్ళు. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే.

ఈ ఫిబ్రవరిలో మా క్లబ్బు ఆఖరి మీటింగ్ జరిగింది. ఆడేవాళ్ళు దొరక్క వచ్చే సీజన్ నుంచి మేం టర్రాలీతో కలిసిపోతున్నాం, అంతకంటే చావు నయం. మా గోడ మీది పలకలు వాళ్ళ గోడకు వెళ్తాయి. ఇక మార్పులు చేర్పులు ఉండవు. ఆదివారం మధ్యాహ్నం పద్నాలుగు మందిమి మాంసం పఫ్‌లు సాస్‌లో ముంచుకు తింటూ కూర్చున్నాం. జాంకర్ కూడా వచ్చాడు. డెబ్బై ఎనిమిదేళ్ళు, చేతికర్ర. తలకు నూనె మాత్రం తప్పలేదు.

నేను ఉత్తరం చదివాను. ఎప్పట్లా నవ్వులు. మా ప్రెసిడెంటు నరెల్ షాకీ మాత్రం నవ్వలేదు. ఆమెకు నలభై దాటలేదు, ఆ ఫైనల్ నాటికి పుట్టలేదు.

"ఒక్క నిమిషం. ఇన్నేళ్ళుగా ఇది చదువుతున్నారు గానీ, అసలు సంగతి ఎవరైనా అడిగారా?" అంది. "నెవిల్, మీరు చెప్పండి. ఆ రోజు రన్నర్ వచ్చి ఏమన్నాడు? లోపం రన్నర్‌దైతే ఈ మనిషిని ఇన్నేళ్ళు పంతొమ్మిది అని పిలవడం మన తప్పు. అదే నిజమైతే తొంభై తొమ్మిది అని నేనే దగ్గరుండి రాయిస్తాను."

సగం మందికి రన్నర్ నేనని గుర్తే లేదు. గుర్తున్నవాళ్ళు నా వైపు చూశారు. జాంకర్ ఒక్క మాట అంటే చాలు. 'తొందరగా కానివ్వు అన్నాడు, అని చెయ్యెత్తాడు' అంటే చాలు, ఆయనకు కావలసిన ఐదూ వచ్చేస్తాయి. తన గోల్స్ కోసం ఊరి కప్పునే వదులుకున్న మనిషి, నన్ను వదులుతాడా? కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను.

జాంకర్ చేతికర్ర మీద గడ్డం ఆనించి నన్ను చూశాడు.

"వినపడలేదని ఇన్నాళ్ళు చెప్పింది అబద్ధమమ్మా," అన్నాడు. "స్పష్టంగా వినపడింది. రమ్మన్నాడు. నడవమని కూడా అన్నాడు. నేనే కదల్లేదు."

"అంతేనా? ఇంకేమీ అనలేదా?"

"ఇంకేమంటాడు? ఇరవై రెండేళ్ళ కుర్రాడు. చెప్పాల్సింది చెప్పి పోయాడు."

ఎవరో వెనక నుంచి, "నలభై ఏళ్ళకు ఒప్పుకున్నాడ్రా ముసలాడు!" అన్నారు. నరెల్ నిట్టూర్చి, మార్చడానికి ఒప్పుకునేవాళ్ళు చెప్పమంది. ఎవరూ పలకలేదు. వద్దనేవాళ్ళు చెప్పమంది.

"వద్దు," అన్నారు అందరూ.

నేను నోరు తెరిచాను. నిజం చెప్పేద్దామనుకున్నాను. ఒక్కసారి నా మీదే నాకు అసహ్యం వేసింది. జాంకర్ ఇంకా నన్నే చూస్తున్నాడు.

"వద్దు," అన్నాను నేను కూడా. తర్వాత తల వంచి, మినిట్స్ పుస్తకంలో అదే రాశాను.